ఎడమ అంచు ముడి

సఫోవా ఆరేళ్ళుగా ప్రతి సాయంత్రం మొగుడికి అన్నం మోసుకెళ్తోంది.

మొగుడికి అన్నం పోవడం ఆ ఊళ్ళో వింత కాదు. పెళ్ళయినా ఆడది పుట్టింట్లోనే ఉంటుంది, అక్కడే వండుతుంది, పొద్దువాలే వేళకి గుడ్డతో మూతి కట్టిన గిన్నె మొగుడింటికి పంపుతుంది. కానీ ఆ గిన్నె మోసేది పిల్లలు. సాయంత్రమయ్యేసరికి వీధి నిండా బుడతలు, ఒక్కొక్కరి నెత్తిన ఒక్కో గిన్నె. ఎవరికెంత సంతానమో వేరే అడగక్కర్లేదు. సఫోవా గిన్నె మాత్రం సఫోవా నెత్తినే పోయేది.

"ఇవాళా నువ్వేనా తల్లీ?" అని ఏదో ఒక గుమ్మంలోంచి ఒక ముసలమ్మ పలకరించేది. అందులో జాలి పావు వంతు, ఆరా ముప్పావు వంతు.

"నేనే అత్తా. కాళ్ళున్నాయిగా!" అనేది సఫోవా నవ్వుతూ.

అన్న అపియా ఆ నవ్వు వినిపించినప్పుడల్లా మగ్గంలో పోగు తోసే నాడె ఆపేసేవాడు. చెల్లెలు మలుపు తిరిగేదాకా మళ్ళీ చెయ్యి ఆడేది కాదు. ఆ నవ్వు వెనక ఏముందో ఊరికి సగమే తెలుసు. మిగతా సగం అతనొక్కడికే తెలుసు.

ఆ ఊరి మగాళ్ళందరిదీ నేతే. నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలు నేసి, పక్కపక్కన పెట్టి కుట్టి, రాజులు భుజాన వేసుకునే బట్ట చేస్తారు. ఆడవాళ్ళు దారం వడకొచ్చు, కండెలు చుట్టొచ్చు, బట్ట నెత్తిన పెట్టుకుని సంతకి పోవచ్చు. మగ్గంలో మాత్రం కూర్చోకూడదు. కూర్చుంటే కడుపు మూసుకుపోతుందట. మగవాడు బతుకంతా అందులో కూర్చుని నడుం విరగ్గొట్టుకున్నా పట్టించుకోని ఆ నాలుగు కర్రలకి, ఆడదాని కడుపంటేనే అంత కోపం ఎందుకని అపియా చిన్నప్పుడు ఒకసారి అడిగాడు. మేనమామ జాసీ చెంప మీద ఒకటిచ్చి జవాబు చెప్పాడు. ఆ ఇంటికి పెద్దా, ఊరి నేతగాళ్ళకి పెద్దా ఆయనే మరి.

తల్లి పోయిన ఏడాది అపియాకి ఇరవై, సఫోవాకి పన్నెండు. ఒకరోజు ఆ పిల్ల కండెల బుట్ట పట్టుకుని అతని పక్కన నిలబడి, "అన్నా, మూడు పోగుల కింద తప్పావు" అంది. చూసుకున్నాడు. నిజంగానే తప్పాడు. పదేళ్ళ నుంచి నేస్తున్న తనకి కనపడంది కండెలు చుట్టే పిల్లకి కనపడింది. అపియాకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. వారం తిరక్కుండా వంటపాక వెనక, దడి చాటున, పాత మగ్గం ఒకటి నిలబెట్టాడు.

"మావయ్య చూస్తేనో?" అంది సఫోవా.

"చూస్తే నన్ను కొడతాడు. నాకలవాటే. నువ్వు కూర్చో."

పిల్లాడికి నేత నేర్పేటప్పుడు గురువు వాడి వెనక కూర్చుని, వాడి చేతుల మీదుగా తన చేతులు ఆడిస్తాడు. అపియాకి అలా కుదర్లేదు. దడి సందులోంచి దారి కనిపెట్టుకుని ఉండాలి గనక ఎదురుగా కూర్చున్నాడు. అతను కుడి చెయ్యెత్తితే ఆమె ఎడమ చెయ్యెత్తింది, అద్దంలో బొమ్మలా. అతను కుడి కాలివేళ్ళ మధ్య తాడు లాగితే ఆమె ఎడమ కాలిది లాగింది. ఆ సంగతి అతనికి ఏడాదికి గానీ తెలిసిరాలేదు. అప్పటికి చెయ్యి కుదిరిపోయింది, బట్ట ముద్దొస్తోంది. పోనీలే అనుకున్నాడు. మనిషి చేసే పెద్ద తప్పులన్నీ ఆ 'పోనీలే' దగ్గరే మొదలవుతాయి.

పద్దెనిమిదేళ్ళు ఆ దడి వెనక నాడె ఆడింది. ఆమె నేసింది అతని పేరున పోయేది, అతనే కుట్టి అతనే అమ్మేవాడు. "అపియాకి దేవుడు నాలుగు చేతులిచ్చాడ్రా" అని తోటివాళ్ళు అనేవారు. నిజం ఎంత దగ్గరగా వచ్చి పోయిందో వాళ్ళకి తెలీదు. మధ్యలో సఫోవాకి ఫోసుతో పెళ్ళయింది. కోకో గింజల లారీ నడుపుతాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంకాస్త తేలికయ్యేది.

ఆరేళ్ళు గడిచాయి. కడుపు పండలేదు.

ఆ ఏడు వానల ముందు ఊరికి కొత్త రాణమ్మ పీఠమెక్కాల్సి వచ్చింది. ఆవిడ బట్ట నేసే పని అపియాకి ఇచ్చారు. ఇరవై నాలుగు పట్టీలు. రాణమ్మ బట్టని నేతగాళ్ళ పెద్ద తన చేత్తో కుట్టాలని ఆచారం. పదహారు పట్టీలయ్యేసరికి అపియా జ్వరంతో మంచాన పడ్డాడు. వణుకు తగ్గితే చెమట, చెమట తగ్గితే వణుకు. వేడుక ఇరవై రోజుల్లోకి వచ్చింది.

"మిగతావి నేను నేస్తాను" అంది సఫోవా, అతని నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ.

"వద్దే. కుట్టేది మావయ్య."

"కుట్టనీ. ఆయనకి కళ్ళెక్కడ ఆనుతున్నాయి?"

కళ్ళు ఆనని మాట నిజమే. కానీ జాసీ మామ యాభై ఏళ్ళుగా వేళ్ళతోనే బట్టని చూస్తున్నాడన్న సంగతి జ్వరంలో ఉన్న అన్నకీ తట్టలేదు, ఆరాటంలో ఉన్న చెల్లికీ తట్టలేదు.

పట్టీలు ఇచ్చిన రెండో రోజు మామ దగ్గర్నుంచి కబురొచ్చింది, అన్నాచెల్లెళ్ళిద్దర్నీ రమ్మని. వెళ్ళేసరికి ముసలాయన పట్టీలన్నీ చాప మీద పరుచుకుని, బొటనవేలితో అంచులు తడుముతున్నాడు.

"అపియా, పట్టీ మొదలెట్టేటప్పుడు నాడె ఎటునుంచి తోస్తావురా?"

"కుడి నుంచి మావయ్యా."

"మొదటి పోగు ముడి ఎక్కడ పడుతుంది?"

"కుడి అంచున."

"పదహారింటికి కుడి అంచున ఉంది. ఎనిమిదింటికి ఎడమ అంచున ఉంది."

"జ్వరంలో తారుమారై ఉంటుంది."

"జ్వరమొస్తే చెయ్యి వణుకుతుంది నాయనా, పక్కలు మారదు." మామ తల పైకెత్తలేదు. "ఈ ఊళ్ళో నేను దిద్దని చెయ్యి లేదు. ఇది నేను దిద్దిన చెయ్యి కాదు. అమ్మాయ్ సఫోవా, ఈ దారం కొంచెం ముడెయ్యమ్మా, నాకు కళ్ళానడం లేదు."

సఫోవా ఆ దారం వంకే కాసేపు చూసింది. తర్వాత వేసింది. అందరూ కుడి కొస పైన వేసి బిగిస్తారు, ఆమె ఎడమ కొస వేసింది. ముసలాయన బొటనవేలు ఆ ముడి మీద ఆగింది. ఆయన ముఖంలో కోపం వస్తుందేమోనని అపియా చూశాడు. కోపం రాలేదు. చావు కబురు విన్నవాడిలా కూర్చుండిపోయాడు. అది చూసి అపియాకి భయమేసింది.

"ఎన్నాళ్ళుగా?" అన్నాడు మామ.

"పద్దెనిమిదేళ్ళు. కూర్చోబెట్టింది నేను."

"అయితే ఇంటి తలుపు మూసింది కూడా నువ్వే."

ఆ మాట ఊరికే అన్నది కాదు. వాళ్ళలో కొడుకు తండ్రి వంశం వాడు కాడు, తల్లి వంశం వాడు. అపియా కన్న ముగ్గురూ వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళు. ఇతని రక్తం, ఇతని పేరు, ఇతని మగ్గం చెందాల్సింది సఫోవా కనబోయే పిల్లలకి. వాళ్ళ తల్లి కడుపున పుట్టిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. ఆమెకి లేకపోతే ఆ కొమ్మ అక్కడితో సరి.

నాలుగో రోజు పంచాయతీ. మామ వాకిట్లో ఒక పక్క వీళ్ళు, ఒక పక్క ఫోసు, వాళ్ళ పెద్దలు. నడుమ బల్ల మీద సారా సీసా. ముందుగా పితరుల పేర నేల మీద నాలుగు చుక్కలు పోశారు. సఫోవాని ఆడవాళ్ళ వెనక కూర్చోబెట్టారు. ఆమె గురించే అంతా, ఆమెనెవరూ ఏమీ అడగలేదు.

ఫోసు తరఫు పెద్ద మర్యాదగానే మాట్లాడాడు. "మా వాడు ఆరేళ్ళు ఓర్చుకున్నాడు. కారణం తెలీక ఓర్చుకున్నాడు. ఇప్పుడు తెలిసింది. మేం పిల్లని వదిలెయ్యమనట్లేదు. ఆ మగ్గం మీద గొర్రెని కోయండి. పిల్ల తప్పు ఒప్పుకుని, మళ్ళీ ముట్టనని ఒట్టెయ్యాలి. దాన్నీ, దాన్ని దాచిపెట్టిన అన్న మగ్గాన్నీ ఏట్లో వదలాలి. మరో ఏడాది చూస్తాం."

ఎంత పాతదైనా మగ్గాన్ని విరవరు, కాల్చరు. నేసేవాడు పోతే అతని మగ్గాన్ని ఏట్లో వదులుతారు. అంటే బతికున్న అపియాని పోయినవాడి కింద జమకట్టమంటున్నారు. అయినా జాసీ మామ, "న్యాయంగానే ఉంది" అని తలూపాడు.

అపియా లేచాడు. "దేనికి ఒట్టెయ్యాలి? అది చేసిన తప్పేంటి? రాణమ్మ ఒంటి మీదకెళ్ళే బట్టలో అందరూ మెచ్చుకున్న పట్టీలు అది నేసినవే."

"ఒరేయ్, కూర్చో" అన్నాడు మామ. "తెల్లారిందని పెట్టకీ తెలుసు. అయినా కూసేది పుంజే."

"పెట్టని కూయనిచ్చి చూశారా ఎప్పుడైనా?"

ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అపియాకి ధైర్యం వచ్చింది. రాకుండా ఉంటే బావుండేది.

"మొన్నామధ్య పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాను దాన్ని. దీనికి ఏ లోపమూ లేదన్నారు. మొగుణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. మూడుసార్లు పిలిచాం. ఈయన లారీ ఒక్కసారైనా ఆసుపత్రి దారి పట్టిందా? మగ్గాన్నెందుకు ఏట్లో వదలడం? ముందు ఈ మగాణ్ణి చూపించుకు రమ్మనండి!"

ఆడవాళ్ళ వెనక నుంచి సఫోవా, "అన్నా" అంది చిన్నగా. అతను వినలేదు. విన్నా ఆగేవాడు కాదు, ఊపులో ఉన్నాడు.

"ఇంకో మాట. నేను పోయాక నా మగ్గం నా చెల్లెలిది. ఈ వాకిట్లో, ఈ పితరుల ముందు చెప్తున్నా."

అపియా కళ్ళు చెమర్చాయి. చెల్లెలి కోసం అంత గొంతు పెట్టి మాట్లాడినందుకు తనని చూసి తనే పొంగిపోయాడు. ఫోసుకి మాత్రం ముఖం నల్లబడిపోయింది. లేచి, భుజం మీద బట్ట సర్దుకుని వెళ్ళిపోయాడు. అతని పెద్ద వెళ్తూ వెళ్తూ, "వచ్చే పెద్దల పండగ దాకా గడువు" అని చెప్పిపోయాడు. ఆ పండగ నలభై రోజులకోసారి వస్తుంది. అప్పటికి ముప్ఫై ఒక్క రోజులుంది.

మర్నాటి నుంచి నేతపాకలో అపియా పక్కన ఎవరూ మగ్గం వెయ్యలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. అతను వస్తే లేచి, పడుగు చుట్టుకుని, చెట్టు కిందకి పోయేవారు. నేసిన పట్టీలు కుట్టేవాడు లేడు, కొనేవాడు లేడు. రాణమ్మ బట్టలోంచి ఎనిమిది పట్టీలు తీసేసి, వేరేవాళ్ళ చేత నేయించారు. పిల్లనిచ్చిన అత్తగారు సైతం దారిలో ఎదురుపడి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల నాయనా?" అనేసి పోయింది. అపియా దేనికీ వెరవలేదు. ఊరంతా ఒకవైపు, తనొక్కడూ ఒకవైపు. చెల్లెలు తన వైపుందని అనుకున్నాడు.

పండగ వారంలోకి వచ్చాక ఒక పొద్దున సఫోవా పెండలం చెక్కు తీస్తూ అడిగింది. "అన్నా, ఆ రోజు అలా మాట్లాడమని నేను చెప్పానా?"

"చెప్పాలా? నేను నీ అన్నని."

"చెప్పాలి."

కత్తి పక్కన పెట్టింది. "గొర్రెని కోస్తే కోస్తారు. ఒట్టేయమంటే వేసేదాన్ని. నేను మనసులో ఒప్పేసుకున్నాను అప్పటికే. నిన్ను పిలిచాను, నువ్వు వినలేదు."

"దడి వెనక పద్దెనిమిదేళ్ళు కూర్చున్నది వదిలేస్తావా? అంత తేలిగ్గానా?"

"తేలికని ఎవరన్నారు? నాకు రెండూ కావాలి. మగ్గం కావాలి, బిడ్డా కావాలి. రెండూ ఇవ్వరని ఎప్పుడో అర్థమైంది. ఒకటి ఎంచుకుందామనుకున్నా. అది కూడా నువ్వే ఎంచేశావు."

అపియా ఆమె ఎదురుగా చతికిలబడి, "నువ్వు కూడా నమ్ముతున్నావా చెల్లీ? మగ్గం కడుపు మూసేస్తుందని?" అన్నాడు.

"తెలీదు." ఆమె కళ్ళు తుడుచుకోలేదు, వాటంతటవి కారుతున్నాయి. "పగలు నమ్మను. సాయంత్రం గిన్నె నెత్తిన పెట్టుకుని పోతుంటే నమ్ముతాను. అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. మగ్గాన్ని ఏట్లో వదిలెయ్."

ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, ఊరంతా వెలేసినా తల వంచనివాడు, ఆ మాటకి వంచాడు.

పండగకి మూడు రోజుల ముందు జాసీ మామ వాకిట్లో గొర్రెని కోశారు. నెత్తురు మగ్గం కర్రల మీద చల్లారు. సఫోవా చెప్పమన్న మాటలు చెప్పింది: కూర్చున్నాను, తప్పు చేశాను, ఇక ముట్టను. గొంతు వణకలేదు. తర్వాత రెండు మగ్గాలూ, అపియా మగ్గం, దడి వెనకది, విడదీసి మోసుకుంటూ ఏటికెళ్ళారు. మామ పితరుల పేర్లు చదివాడు. అపియా మోకాలి లోతు నీళ్ళలో దిగి, ఒక్కో కర్రా వదిలాడు. తండ్రి చెక్కిన కర్రలవి. కొన్ని వెంటనే కొట్టుకుపోయాయి. పాత మగ్గంలో పోగులు బిగించే దువ్వెన మాత్రం రాళ్ళకి తగులుకుని, అక్కడక్కడే తిరిగింది. మామ కర్రతో తోయించాడు.

దారిలో ముసలాయన అపియా భుజం మీద చెయ్యి వేశాడు. "బెంగపెట్టుకోకు. వానలు వెళ్ళాక నీకు కొత్త మగ్గం నేనే కట్టిస్తాను."

"మరి దానికి?" అన్నాడు అపియా.

"దేనికి?" అన్నాడు మామ. ఎగతాళిగా కాదు. నిజంగానే ఆయనకి అర్థం కాలేదు.

ఆ సాయంత్రం సఫోవా పల్లీ పులుసు పెట్టింది. ఉడికించిన పెండలం ఫుఫు ముద్దగా దంచుతుంటే రోకటి పోటు వీధి దాకా వినిపించింది. ఎన్నాళ్ళకో తలకి కొత్త గుడ్డ కట్టుకుంది. గిన్నె మూతి గుడ్డతో కట్టి నెత్తిన పెట్టుకుంది. "వస్తానన్నా" అంది. రాత్రికి మొగుడింట్లోనే ఉంటుంది, పొద్దున దాకా రాదు గదా అని అపియా తలుపు మూసుకున్నాడు.

వంటపాకలో నిప్పులింకా ఆరలేదు, తిరిగొచ్చింది.

గిన్నె నెత్తిన అలాగే ఉంది. గుడ్డ ముడి విప్పలేదు. ఎడమ కొస పైన వేసిన ముడి, ఆమె వేసిందే. ఎడమ భుజం మీద తెల్లమట్టి పొడి. మొగుడు వదిలేసిన ఆడదాని భుజాన చల్లే మట్టి. ఆ పొడి దులుపుకోకుండానే వీధంతా నడిచొచ్చింది. గుమ్మాల్లో ఉన్నవాళ్ళంతా చూసే ఉంటారు. ఆ పూట ఏ ముసలమ్మా పలకరించలేదు.

"గొర్రెని కోశాం గదా! ఏట్లో వదిలాం గదా!" అని అరిచాడు అపియా. "ఏమన్నాడు వాడు?"

"చెప్పనా?"

"చెప్పు."

"మగ్గం సంగతి తను ఎప్పుడూ నమ్మలేదన్నాడు. పెద్దవాళ్ళ కోసం ఊరుకున్నాట్ట. ఏడాది గడువు కూడా తనే అడిగించాడట, నన్ను వదులుకోలేక." సఫోవా గిన్నె దించి నేల మీద పెట్టింది. "మీ అన్న నలుగురిలో నన్నన్న మాట మాత్రం నేను మింగలేనన్నాడు. లారీ ఆపిన ప్రతి సంతలోనూ ఆ మాటే చెప్పుకుని నవ్వుతున్నారట."

అపియా గోడకి చేరగిలబడ్డాడు. తిట్టు, కొట్టు, ఏదో ఒకటి అను అని చెల్లెల్ని అడగాలనుకున్నాడు. ఆమె మాత్రం "నువ్వు నా కోసమే అన్నావులే" అంది. కొడితే బావుండేది.

వండింది పారెయ్యలేరు గనక ఆమే ముడి విప్పింది. ఇద్దరూ ఆ గిన్నెకి చెరో పక్కన, ఎదురెదురుగా కూర్చున్నారు. పులుసు ఇంకా వేడిగానే ఉంది. అపియా ఒక ముద్ద తుంచుకుని, తలవంచుకున్నాడు. చెల్లెలి కాళ్ళు చాపి ఉన్నాయి. ఆమె ఎటో చూస్తోంది గానీ కాలివేళ్ళు కదులుతున్నాయి, మధ్యలో లేని తాళ్ళని లాగుతున్నాయి. ముందు ఎడమ, తర్వాత కుడి. మళ్ళీ ఎడమ.

ఎదురుగా కూర్చుని నేర్పింది తనే. ముద్దని మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు.